కొత్తదిచ్చి తెచ్చిన పాత పంచె

పొద్దున ఏడింటికే చిన్నమ్ము పెద్ద డేగిసాలో కాగిన టీ డికాషన్‌లో మూడు కొత్త చొక్కాలు ముంచి కర్రతో తిప్పుతోంది. జోరువానల కర్కాటక మాసం, మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. షూటింగుకు అద్దెకిచ్చిన ఆ పెంకుటింటి వెనక వసారాయే ఆమె పనిచోటు. అడ్డంగా కట్టిన తాళ్ల మీద బట్టలు ఆరక, బరువుగా వేలాడుతున్నాయి. ఆమె ఒక చొక్కా పైకి తీసి, పిండి, కాలరు మడత మీద మడమలు తోముకునే రాయితో నాలుగు రుద్దులు రుద్దింది. ముప్ఫై ఏళ్లుగా డికాషన్‌లో నానిన వేళ్లు గోళ్ల దాకా గోధుమరంగు తిరిగిపోయాయి. అన్నం కలిపేటప్పుడు ఆ రంగు కనిపిస్తుంది, దీపం వెలిగించేటప్పుడు కనిపిస్తుంది.

అరవై ఒక్కేళ్ల మనిషి. పొట్టిది. మూట ఎప్పుడూ ఎడమ చంకలోనే ఇరికించుకుంటుంది కాబట్టి ఒళ్లు అటే ఒరిగి ఉంటుంది. తెరమీద పేర్లు పడేటప్పుడు ఆమె పేరు ఎక్కడో అడుగున, జనం చెప్పులు వెతుక్కునే వేళకు వస్తుంది. దానికామె ఎప్పుడూ నొచ్చుకోలేదు. తను పాతబడేసిన చొక్కా ఎవరి ఒంటిమీదో నిజం చొక్కాలా తిరుగుతుంటే చాలు, ఆ పూటకు కడుపు నిండినట్టే.

ఈ డికాషన్ పని దూరం నుంచి తీసే సీనులకు సరిపోతుంది. కెమెరా మెడ దగ్గరికి వచ్చిందా, దొంగ పాతదనం పట్టుబడిపోతుంది. అందుకే చిన్నమ్ముకు రెండో పని ఒకటి ఉంది. కొత్త బట్టల మూట కట్టుకుని ఊళ్లోకి వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి, కొత్తదిచ్చి పాతది తెచ్చుకోవాలి. ఆమె ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఇదేమీ లేదు. అప్పట్లో సినిమాలో పెద్దమనిషి అంటే ఇస్త్రీ నలగని పంచెతో, మీసం మెలేసుకుంటూ మేడమెట్లు దిగేవాడు. పేదరాలి చీరకు చిరుగు కూడా కత్తెరతో ముచ్చటగా కత్తిరించేవారు. తర్వాత కుర్రవాళ్లు కెమెరాలు భుజానేసుకుని వంటిళ్లలోకి దూరారు. సింకులో ఎంగిలి గిన్నెలు, నైటీ చంక కింద చిరుగు, పెంకుల్లోంచి కారే నీళ్ల కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్టు, అందరూ తిన్నాక అడుగున మిగిలింది గీరుకుని తినే తల్లి, ఇవన్నీ తెరమీదికి వచ్చాయి. తమ ఇంట్లో రోజూ ఉండేదాన్నే జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూశారు. చూసి నవ్వారు, ఏడ్చారు, ఇంటికెళ్లి పోట్లాడుకున్నారు.

రెజీనా గొడుగు ముడుచుకుంటూ వసారాలోకి వచ్చింది. బట్టల పనంతటికీ ఆమే పెద్ద. నలభై ఏళ్ల కొచ్చి మనిషి, నోరూ చెయ్యీ రెండూ చురుకు. అందరిలాగే చిన్నమ్మును చేచ్చీ, అంటే అక్కా, అనే పిలుస్తుంది.

"చిన్నమ్మేచ్చీ, మధ్యాహ్నం సీనులో తల్లికి మనం పెట్టిన పంచె పనికిరాదు. గుడికి బయల్దేరినట్టుంది. ఒంటిమీద ఏళ్లూపూళ్లూ నలిగింది కావాలి."

"దానికేం భాగ్యం? ఈ ఊళ్లో చీర బదులు పంచె కట్టే ముసలమ్మలకు కరువా?"

"ఎదురుగా ఒకరున్నారుగా. మీదే ఒకటి ఇచ్చేయండి."

"నాది చుడితే మీ నటికి మోకాళ్లు కనబడతాయి. అంత పొడుగు మనిషిని తెచ్చి పెట్టుకుని నన్నంటావేం? పన్నా పెద్దది కావాలి."

ఆ మాట అన్నాక చిన్నమ్ము చేతిలో రాయి ఆగింది. పెద్ద పన్నా పంచె కట్టే పొడుగు మనిషి ఊళ్లో ఒకతే ఉంది. పంకజాక్షి.

ఎనిమిదేళ్లుగా చిన్నమ్ము ఆ ఇంటి గడప తొక్కలేదు. గుండె బలహీనమై, కాళ్లకు నీరు పట్టి, ఇక చేసేదేం లేదని ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపేశారని పదిరోజుల కింద విన్నది. విన్నప్పటి నుంచీ లోపల ఒకటే పోరు. ఆ మనిషి కళ్లు మూయకముందే వెళ్లి, నేను చేసింది తప్పని చెప్పుకోవాలి. రెండుసార్లు బయల్దేరింది. రెండుసార్లూ కాలవ దాకా వెళ్లి, ఏ మొహం పెట్టుకుని అనుకుని తిరిగొచ్చింది. ఇవాళ పని తగిలింది. పనిమీద వెళ్లే మనిషికి మొహంతో అవసరం లేదు, చంకలో మూట ఉంటే చాలు. అలా అనుకున్నందుకు మళ్లీ తనమీద తనకే రోత పుట్టింది.

అయినా వెళ్లింది.

ఆటో సుగతన్‌ది. నెరిసిన జుట్టుకు రంగేసుకుంటాడు, వానకు అది చెవుల వెనక కారుతుంది.

"చేచ్చీ, మా ఆవిడ నైటీ ఒకటుంది, తీసుకోండి. ఆరేళ్లుగా అదే. హీరోయిన్‌కి తొడిగితే అవార్డు ఇంటికొస్తుంది."

"నీ బనీను కూడా కలిపి ఇవ్వరా. పోలీసులు పట్టుకున్న దొంగకు కావాలంటున్నారు."

"అయితే నేనే వచ్చి వేసేస్తా ఆ వేషం."

"నువ్వెందుకు, కంపు బనీనుకే ఉంది."

సుగతన్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ, "మీకు పాత బట్టలివ్వాలంటే భయమే చేచ్చీ. అప్పుణ్ణియేట్టన్ చొక్కా లాగా..." అని, నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయి, అద్దం మీది నీళ్లు తుడిచాడు. మిగతా దారంతా వాన శబ్దమే.

ఊళ్లోవాళ్లు ఏట్టన్, అంటే అన్నా, అని పిలిచే అప్పుణ్ణి పంకజాక్షి మొగుడు. పెంకుల ఫ్యాక్టరీలో మట్టి తొక్కిన మనిషి, కోపం వస్తే కంచం గోడకు కొట్టేవాడు. కంచం దొరక్కపోతే చెయ్యి. ఊరందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అప్పట్లో చిన్నమ్ము, పంకజాక్షి రోజూ నిళా నది రేవులో పక్కపక్క బండల మీద బట్టలు ఉతికేవారు. చిన్నమ్ము మొగుడు వేలప్పన్ కల్లు గీస్తూ తాటిచెట్టు మీంచి పడి చనిపోయిన ఏడాది అది. నెల దాటినా ఆమె ఏడవలేదు, నవ్వలేదు, బండలా కూర్చునేది. ఒకరోజు పంకజాక్షి సబ్బు పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "ఆయన కంచం విసిరిన మర్నాడల్లా నేనేం చేస్తానో తెలుసా? అరుగు తుడిచిన గుడ్డ ఉంటుంది చూడు, దాన్ని పిండి దాంతోనే టీ వడకడతాను. 'ఇవాళ టీ భలే చిక్కగా ఉందే' అని ఇంకో గ్లాసు అడిగి తాగుతాడు." చిన్నమ్ము ముందు నమ్మలేదు, తర్వాత నవ్వింది, నవ్వి నవ్వి నీళ్లలో కూలబడింది, అప్పుడు ఏడుపొచ్చింది. వేలప్పన్ పోయాక ఆమె గొంతులోంచి శబ్దం వచ్చింది ఆ రోజే.

ఎన్నో ఏళ్లు గడిచాయి. ఒక కుర్ర దర్శకుడు వంటింటి సినిమా తీస్తూ, ఒక సీను ఎటూ తెగక, పనివాళ్లందరినీ చుట్టూ కూర్చోబెట్టి అడిగాడు. ఎదురు చెప్పలేని ఆడది కోపం ఎలా తీర్చుకుంటుంది, మీరు చెప్పండి అన్నాడు. చిన్నమ్మును అంతకుముందు షూటింగులో ఎవరూ ఏమీ అడిగి ఉండలేదు, ఇస్త్రీ అయిందా అని తప్ప. ఆ చల్లని మాటకు ఆమె పొంగిపోయింది. "మా పంకజేచ్చి ఉంది చూడండి సార్..." అని టీ సంగతి మొత్తం, చేతులు తిప్పుతూ, గొంతు మార్చి చెప్పేసింది. అందరూ విరగబడి నవ్వారు. దర్శకుడు లేచి ఆమెకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం ఎంత తియ్యగా ఉందో ఆమెకిప్పటికీ గుర్తే. అదే ఆమెను నిద్రపోనివ్వదు.

ఆ సినిమాకే మొగుడి వేషానికి చొక్కాలు కావాలంటే, పంకజాక్షి ఇంటికే వెళ్లి రెండు కొత్తవిచ్చి అప్పుణ్ణి పాత నీలం చొక్కా తెచ్చింది. కుడి భుజం మీద పాత గొడుగు గుడ్డతో పంకజాక్షి వేసిన నల్ల మాసిక ఉంది. ఆ మాసిక రెజీనాకు తెగ నచ్చింది.

అక్కడితో ఆగినా బావుండేది. సినిమా ఆడుతున్నప్పుడు, నా పని చూద్దురుగాని రండని అప్పుణ్ణినీ పంకజాక్షినీ తనే హాలుకు తీసుకెళ్లి, వాళ్ల పక్కనే కూర్చుంది. తెరమీద మొగుడు కంచం విసిరాడు. భుజం మీద నల్ల మాసిక ఇంత పెద్దదిగా కనిపించింది. మర్నాటి సీనులో పెళ్లాం అరుగు గుడ్డ పిండి టీ వడకట్టింది. హాలు హాలంతా ఈలలు, చప్పట్లు. ఆడవాళ్లు కొందరు లేచి నిలబడ్డారు. చిన్నమ్ము కూడా చప్పట్లు కొట్టబోయి పక్కకు చూసింది. అప్పుణ్ణి తన భుజం మీద, ఆ మాసిక ఉండవలసిన చోట, చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. సినిమా అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. పంకజాక్షి ఇటు తిరగలేదు. ఆనాటి నుంచి ఆమె ఇటు తిరగనే లేదు.

ఆటో ఆగింది.

తలుపు తీసింది కోడలు ప్రసీత. "ఎవరూ?"

"నేనమ్మా, చిన్నమ్మును. సినిమావాళ్ల పనిమీద..."

లోపలి నుంచి గొంతు వచ్చింది, ఊపిరికి ఊపిరికి మధ్య మాట ఇరికించుకుంటూ. "రానీయవే ప్రసీతా. ఈసారి నా కొలతలు తీసుకోవడానికి వచ్చింది."

కిటికీ పక్క మంచం మీద, మూడు దిళ్లకు ఆనుకుని పంకజాక్షి కూర్చుని ఉంది. అంత పొడుగు మనిషీ మడతపెట్టి పెట్టినట్టు అయిపోయింది. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. కళ్లు మాత్రం అవే.

"ఏ కథ ఇప్పుడు? గుండె జబ్బు ముసలిదా?"

చిన్నమ్ము మూట దించలేదు. ఏం చెప్పాలని వచ్చిందో అదంతా గొంతులో ఉంది, నోట్లోంచి మాత్రం, "పన్నా పెద్ద పంచె ఒకటి కావాలంటే..." అని వచ్చింది.

"పనికోసం వచ్చావా, నాకోసం వచ్చావా?"

"రెండూ, పంకజేచ్చీ."

"అయితే నాకోసం వచ్చిన పని ముందు కానీ. టీ పెట్టు. ఈ పిల్ల నీళ్లు కొలిచి పోస్తుంది, టీ మాట ఎత్తనివ్వదు."

"అత్తయ్యా, డాక్టరు గారు చెప్పారుగా. ఇవాళ్టి నీళ్ల లెక్క పొద్దున్నే అయిపోయింది," అంది ప్రసీత.

"రేపటివి ఇవాళ తాగుతాను. పోనీ."

వంటింట్లో పొయ్యి పక్క గూట్లో రెండు కెటిల్లు ఉన్నాయి. పెద్దది మసిపట్టి ఉంది. చిన్నది తళతళలాడుతోంది, లోపల చిన్న జల్లెడ. చిన్నమ్ము దానివైపు చెయ్యి చాపగానే గది లోంచి వినబడింది. "చిన్నది ముట్టకు. అది ఆయనది." అప్పుణ్ణి పోయి రెండేళ్లయింది.

చిన్నమ్ము ప్లాస్టిక్ జల్లెడతో టీ వడకట్టింది. గ్లాసు తెచ్చి ఇచ్చి, మంచం పక్క నేలమీద కూర్చుంది. పంకజాక్షి రెండు గుక్కలు తాగి కళ్లు మూసుకుంది.

"సినిమా చూసొచ్చిన మర్నాడు ఆయన ముందు టీ పెట్టాను. గ్లాసులోకి చూశాడు. బజారుకెళ్లి ఆ కెటిల్ కొనుక్కొచ్చాడు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. టీ, గంజి, అన్నం, అన్నీ ఆయనవి ఆయనే వండుకున్నాడు. పోయే రోజున కూడా మంచినీళ్లు ప్రసీత చేత్తోనే తాగాడు. నేను పట్టుకుంటే నోరు మూసుకున్నాడు."

"ఆయన కొట్టడం మానేశాడని విన్నాను," అంది చిన్నమ్ము. ఆ మాట ఎన్ని రాత్రులు దుప్పట్లా కప్పుకుని పడుకుందో ఆమెకే తెలుసు.

"మానేశాడు. కుడుంబశ్రీ పొదుపు సంఘం మీటింగులో ఆడవాళ్లు నన్ను చూసి, సినిమా వల్ల పంకజేచ్చి బాగుపడిందని చెప్పుకుంటారు. ముప్ఫై ఏళ్లు కొట్టిన చెయ్యి, గ్లాసు చూసి భయపడుతుంటే రోజూ ఎదురుగా కూర్చుని చూడు, బాగుపడటమంటే ఏమిటో తెలుస్తుంది." ఊపిరి అందక ఆగింది. "ఇంకొకటి చెప్పనా? అది నేనెప్పుడూ చెయ్యలేదే."

"ఏది?"

"ఆ గుడ్డ. ఆ టీ. చీ, నేనా? చెయ్యి రెండుసార్లు కడుక్కోందే పాలగిన్నె ముట్టనిదాన్ని. నువ్వు నెలరోజులుగా రాయిలా కూర్చుంటే చూడలేక, నిన్ను నవ్వించడానికి అప్పటికప్పుడు అల్లి చెప్పాను. నవ్వావు కూడా."

వాన చూరు మీంచి బకెట్టులో పడుతోంది.

"మరి ఆయనకు చెప్పలేదా?"

"దీపం మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. 'హాల్లో అంతమంది నమ్మారు, నేనొక్కణ్ణే వెర్రివాణ్ణా' అన్నాడు."

"పంకజేచ్చీ, నన్ను క్షమిం..."

"ఊరుకో. ఆ మాట తెరమీద బోలెడన్నిసార్లు విన్నాను. గ్లాసు తీసుకో." సగం టీ మిగిలిన గ్లాసు చేతికిచ్చింది. "ప్రసీతా, వసారాలో తాడు మీద ఉన్న నా పంచె తెచ్చి దీనికివ్వు."

"వద్దు పంకజేచ్చీ. నేనందుకు రాలేదు."

"అందుకే వచ్చావు. నా దగ్గరికి రావడానికి నీకు ధైర్యం చాలదు, ఆ మూట తోడు తెచ్చుకున్నావు. వట్టి చేతులతో పోయి ఆ కొచ్చి ఆవిడకేం చెబుతావు? తీసుకుపో. ఈసారి కథ మాత్రం చెప్పకు."

ప్రసీత తెచ్చిన పంచె ఉతికి ఉతికి ఉల్లిపొరలా అయింది. చిన్నమ్ము మూట విప్పి, సన్న అంచు కొత్త తెల్లపంచె తీసి, కాగితంతో సహా మంచం చివర పెట్టింది. పంకజాక్షి దానివైపు చూడలేదు. గోడవైపు తిరిగి, "వానలో తడవకుండా పో," అంది. అది కోపమో ప్రేమో చిన్నమ్ముకు తెలియలేదు. గుమ్మం దాటాక వెనక్కి వెళ్లి అడగాలనిపించింది. సుగతన్ హారన్ కొట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి సీను మొదలైంది. తల్లి వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని, అందరూ తిన్నాక ఒంటరిగా తింటుంది, అంతే. పంచె నటి ఒంటికి సరిగ్గా అమరింది. చిన్నమ్ము మోకాళ్ల మీద కూర్చుని కుచ్చెళ్లు సర్దింది.

"ఎక్కడ పట్టారండీ దీన్ని? పుట్టినప్పటి నుంచీ నాదే అన్నట్టుంది," అంది నటి.

"ఒక ఇంట్లో," అంది చిన్నమ్ము. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. కుర్ర దర్శకులు ఇప్పుడూ అడుగుతుంటారు, ఏదైనా కథ ఉంటే చెప్పండి చేచ్చీ అని. ఆమె తల అడ్డంగా ఊపుతుంది.

నాలుగున్నరకు, రెండు షాట్లు అయి మూడో షాటుకు లైటు మారుస్తుంటే ఫోను మోగింది. సుగతన్ దగ్గర నంబరు తీసుకుని ప్రసీత చేసింది.

"చిన్నమ్మేచ్చీ, అత్తయ్య వెళ్లిపోయింది. మూడున్నరకు. నిద్రపోతోందనుకున్నాను." కాసేపు ముక్కు ఎగబీల్చిన శబ్దం. "టీ వల్ల కాదు చేచ్చీ, మీరలా అనుకోకండి." ఆ మాట అనేదాకా చిన్నమ్ముకు ఆ ఆలోచన లేదు. "మీద కప్పడానికి ఇంట్లో కొత్త బట్ట లేదు. వానకు తెచ్చేవాళ్లూ లేరు. మీరు పెట్టివెళ్లిన పంచే ముందు కప్పాం. కాగితం ఇప్పుడే చింపాను."

చిన్నమ్ము ఫోను జాకెట్టులో దోపుకుంది. కిటికీ అవతల నటి మెట్టు మీద కూర్చుని, గిన్నె అడుగు గీరుతోంది. వీపు వైపు నుంచి చూస్తే, ఆ పంచెలో, ఆ వంగిన పొడుగు వీపు...

"రెజీనా," అంది నెమ్మదిగా, "ఆ పంచె మార్చడానికి వీలవుతుందా?"

"ఎలా అవుతుంది చేచ్చీ? రెండు షాట్లు తీసేశాం. మిగతాది రేపు. ఏమైంది, మొహం అలా ఉందేం?"

"మా ఊళ్లో ఒకరు పోయారు."

"అయ్యో. మీకేమవుతారు?"

చిన్నమ్ము నోరు తెరిచింది. ఏమవుతుందో చెప్పే హక్కు ఎనిమిదేళ్ల కిందే పోగొట్టుకుంది. "ఈ పంచె ఆవిడదే," అని మాత్రం అంది.

రెజీనా కిటికీలోంచి ఆ పంచె వైపు చూసింది. తర్వాత, "షాటు అవగానే వెళ్లండి. సుగతన్‌ని పిలుస్తాను," అంది.

షాటు అయింది. నటి బట్టలు మార్చుకుని పంచె తెచ్చి ఇచ్చింది. చిన్నమ్ము దాన్ని తన చేత్తోనే తాడు మీద వేసి, కొసలు సరిచేసింది. సీను పూర్తయ్యేదాకా బట్ట ఉన్నది ఉన్నట్టే ఉండాలి, మడత మారకూడదు, మరక పోకూడదు. అందుకని రెజీనా చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పిన్నుతో గుచ్చింది. తల్లి. ఉతకవద్దు.

చిన్నమ్ము మూట తీసుకోకుండా, వట్టి చేతులతో వానలోకి దిగింది. ఆటో చప్పుడు వంతెన వైపు వెళ్లి వినబడకుండా పోయింది. వసారాలో తాడు మీద ఆ పంచె, చీటీతో, గాలికి కొద్దికొద్దిగా కదులుతోంది. కుడివైపు నడుము దగ్గర, ఏళ్ల తరబడి పంకజాక్షి దోపుకున్న చోట, గుడ్డ ఇంకా మెలితిరిగే ఉంది.